తల్లి వాటా

"ఇంత శుభ్రంగా కడగమని ఎవరు చెప్పారమ్మా మీకు?"

హెడ్ కానిస్టేబుల్ జనార్దనరావు దువ్వెనని ఎండకేసి పట్టుకుని చూశాడు. పళ్ళ మధ్య ఒక్క వెంట్రుక లేదు. టూత్ బ్రష్ కొత్తదానిలా ఉంది. గడ్డం గీసుకునే రేజరు సబ్బు వాసన వేస్తోంది. దిండు కవరు, దుప్పటి, బనీన్లు, లుంగీలు అన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఉన్నాయి.

కనకమహాలక్ష్మి చేప పొలుసు అంటిన చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది. ఎవరు చెప్పారంటే ఏం చెబుతుంది? తిప్పపాలెంలో రావలసిన రోజుకి బోటు రాకపోతే ఆ ఇంటి ఆడది ఇల్లంతా కడుగుతుంది. ఆ మనిషి ముట్టుకున్న ప్రతి వస్తువునీ పసుపు నీళ్ళలో ముంచి తీసి గడప లోపల వరసగా పెడుతుంది. ఇల్లు అద్దంలా ఉంటే గంగమ్మ మనిషిని తిరిగి పంపుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. కనకం మూడు రోజులు వరసగా కడిగింది. అత్తగారు సౌభాగ్యమ్మ వెనకాలే తిరుగుతూ, "రేజరు మూల చూడవే, జిడ్డు పోలా" అని చూపించింది. అలా భర్త ఒంటి నుంచి ఆ ఇంట్లో మిగిలిన కాస్త ఆనవాలూ ఆమె చేతుల్లోంచే కాలవలోకి పోయింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె చేసిన పనిని ఒక్కరూ మెచ్చుకోలేదు. మొదటిసారిగా ఒక మగవాడు ఆమె పనితనం గురించి మాట్లాడాడు, అదీ ఎందుకింత బాగా చేశావని.

"మొదలుతో సహా ఒక్క వెంట్రుక దొరికినా పనైపోయేది," అన్నాడు జనార్దనరావు. మాట కటువుగా వచ్చిందనుకున్నాడేమో, దువ్వెనని జాగ్రత్తగా తీసుకెళ్ళి ఎక్కడుందో అక్కడే పెట్టాడు. "ఇంక సొంత రక్తం ఉన్నవాళ్ళే దిక్కు. సోమవారం అందరూ బందరు ఆసుపత్రికి రండి."

బోటు మునిగి ఇరవై రెండు రోజులైంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఈదురుగాలికి తిరగబడింది. అందులో ఐదుగురు. ముగ్గురు ప్లాస్టిక్ డ్రమ్ములు పట్టుకుని తేలి మర్నాటికి ఒడ్డు చేరారు. కనకం భర్త దుర్గాశ్రీనివాసూ, పక్క వీధి రాంబాబూ రాలేదు. పన్నెండో రోజున ఒక శవం కొట్టుకొచ్చింది. ఒక్కటే. ఉప్పునీళ్ళు మొహాన్ని మిగల్చలేదు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు. శవం మీదున్న నీలం చొక్కా శీనుదే, కానీ బోటు మీద ఏ చొక్కా ఆరి ఉంటే అది తొడుక్కోవడం వాళ్ళకి అలవాటు. బతికొచ్చిన ముగ్గురినీ అడిగితే, "ఎవరేది వేసుకున్నామో ఎవరికి గుర్తుంటదమ్మా" అన్నారు. రాంబాబుకి ముందూ వెనకా ఎవరూ లేరు. హాస్టల్లో పెరిగిన మనిషి. పెళ్ళై ఆరు నెలలు, పిల్లలు లేరు. అతని భార్య కూడా ఇల్లంతా ఇలాగే కడిగేసింది. అందుకని తేల్చాల్సిందంతా శీను ఇంటి రక్తంతోనే. కలిస్తే శవం శీనుది. కలవకపోతే రాంబాబుది.

రాంబాబు భార్య పుష్పావతి, కనకం ఇద్దరూ ఒకే రొయ్యల షెడ్డులో పక్కపక్కన కూర్చుని రొయ్యలు ఒలిచేవాళ్ళు. శవం దొరికిన రోజు నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఆ మనిషి నీ మొగుడైతే బాగుండునని ఒకళ్ళ మనసులో ఉన్నది రెండోవాళ్ళకి తెలుసు. తెలిసినందుకు సిగ్గు. కనకం బొట్టు పెట్టుకుంటే, "ఇంకా ఆశ చావలా దీనికి" అంటారు. పెట్టుకోకపోతే, "అప్పుడే చంపేసింది మొగుణ్ణి" అంటారు. అందుకని ఆమె ఆవగింజంత బొట్టు పెట్టుకునేది. దగ్గరికొచ్చి చూస్తే ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఉండదు.

శనివారం మధ్యాహ్నం మామగారు రత్తయ్య వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని భోంచేస్తున్నాడు. ఒకప్పుడు రెండు బోట్లు నడిపిన మనిషి, పాలెంలో పెద్దమనిషి. కనకం వడ్డిస్తోంది. సౌభాగ్యమ్మ గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడింది.

"తండ్రిని నేనుండగా ఆడోళ్ళ రక్తం ఎందుకంట?" అన్నాడు రత్తయ్య. "జనార్దనరావు చెప్పాడుగా. మగోడి నించి మగోడికి మాత్రమే వచ్చేదొకటి ఉంటదంట. తాత నించి తండ్రికి, తండ్రి నించి కొడుక్కి. చెక్కు చెదరదంట. ఆడోళ్ళ ఒంట్లో అది ఉండనే ఉండదంట! చూశావా మరి, సైన్సే చెబుతుంది."

ఎవరో సన్మానం చేసి శాలువా కప్పినట్టుంది ఆయన మొహం. కొడుకు పోయి ఉండవచ్చన్న దుఃఖంలో కూడా మనిషికి ఇంత సంతోషం ఎక్కడో ఒక మూల దొరుకుతుందే అనుకుంది కనకం.

"పిల్లని కూడా తీసుకురమ్మన్నారు మావయ్యా," అంది.

"తీసుకురా. దాని సంగతి కూడా తేలిపోద్ది. ఏడేళ్ళ నించీ ఊరంతా అనుకుంటానే ఉంది గదా."

కనకం చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. "ఇంకాస్త అన్నం పెట్టనా?" అని అడిగింది.

ఏడేళ్ళూ ఇంతే జరిగింది. వాళ్ళొక మాట అనడం, ఆమె ఇంకాస్త అన్నం పెట్టనా అని అడగడం. దివ్యశ్రీ అవనిగడ్డ ఆసుపత్రిలో పుట్టింది. పొత్తిళ్ళలోని పిల్లని మొదట అందుకున్నది సౌభాగ్యమ్మే. పిల్ల అప్పుడే కళ్ళు తెరిచింది. సౌభాగ్యమ్మ చూసి, వార్డంతా వినేలా, "ఈ పిల్లికళ్ళు మా ఇంటావంటా లేవే. ఎక్కణ్ణించి పట్టుకొచ్చావమ్మా?" అంది. నర్సు నవ్వింది. పక్క మంచం ఆవిడ మెడ సాచి చూసింది. ఆ మాట ఆ రోజే బస్సెక్కి కనకం కంటే ముందు పాలెం చేరింది. కనకం షెడ్డులో పనికి వెళ్ళడం, అక్కడి సూపర్వైజరు తెల్లగా ఉండడం, శీను నెలకి ఇరవై రోజులు సముద్రం మీదే ఉండడం, అన్నీ ఆ మాటకి వచ్చి చేరాయి. పిల్ల ఆడుకుంటుంటే "ఏమే సూపర్వైజరూ" అని పిలిచినవాళ్ళున్నారు. శీను చెడ్డవాడు కాదు. "అమ్మ అంటే అననీలే, నీకేం తరిగింది?" అనేవాడు. ఒకసారి మాత్రం తాగొచ్చి పిల్ల కళ్ళలోకి చాలాసేపు చూసి, "కనకం, నిజం చెప్పు" అన్నాడు. ఆమె మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు నాగాయలంక వెళ్ళి పిల్లకి పట్టీలు తెచ్చి, తనే కూర్చుని కాళ్ళకి పెట్టాడు. అతనికి తెలిసిన క్షమాపణ అదే. దాంతోనే సరిపెట్టుకుంది. కానీ అడిగిన మాట అడిగినట్టే ఉండిపోయింది. ఇప్పుడది వెనక్కి తీసుకోవడానికి మనిషి లేడు.

గుమ్మంలో గ్లాసు కింద పడింది. నీళ్ళు రత్తయ్య కంచం దాకా పారాయి. "కళ్ళు కనపడటం మానేశాయా?" అని ఆయన కసిరాడు. కనకం గుడ్డ తెచ్చి తుడుస్తూ తలెత్తి చూసింది. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్ల ప్రస్తావన వస్తే ముందుగా ఎత్తిపొడిచే మనిషి ఈ రోజు ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున కనకం ఒడ్డున పరిచిన ఎండు చేపల్ని తిరగేస్తుంటే సౌభాగ్యమ్మ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఒడ్డుకి రావడం మానేసి రెండేళ్ళు. వచ్చి, వలల మూట మీద కూలబడింది.

"కనకం, మీ మావయ్య రక్తం ఇయ్యకుండా చూడవే."

"నా మాట వింటాడా అత్తయ్యా ఆయన? అయినా ఎందుకు ఇయ్యకూడదు?"

"కలవదు."

"ఏది కలవదు?"

సౌభాగ్యమ్మ చేపల మీద వాలిన కాకిని చేత్తో అదిలించింది. అది ఎగిరిపోయాక కూడా చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. "అది నా కొడుకు శవమే అయినా, ఆయన రక్తంతో కలవదు," అంది.

కనకం చేతిలో ఉన్న చేపని తిరగేసింది. దాని పక్కదాన్నీ తిరగేసింది. అర్థమవుతోంది కానీ, అర్థమైనది లోపలికి దిగడానికి చాలా దూరం ప్రయాణం చేయాల్సి వచ్చింది.

"పెళ్ళైన నాలుగేళ్ళకి కూడా నా కడుపు పండలా," అంది సౌభాగ్యమ్మ, ఆమె వైపు చూడకుండా. "మా అత్త మీ మావయ్యని ఏ డాక్టరుకీ చూపించలా. నన్నే తిప్పింది. అవనిగడ్డ, బందరు, గుడివాడ. నాలో ఏ లోపమూ లేదని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. ముగ్గురి మాటా వినలా. గుడివాడ వైపు రెండో సంబంధం చూశారు. పిల్లని చూడ్డానికి నన్ను కూడా తీసుకెళ్ళారే. ఆ పిల్ల తల్లో పూలు నా చేతనే పెట్టించారు."

"తర్వాత?"

"తర్వాత ఒంట్లో బాలేదని మా అమ్మ దగ్గరికి పోయి రెండు నెలలున్నా. అక్కడ ఉప్పు మళ్ళలో పనిచేసే మనిషి ఒకడు. పేరడగొద్దు. నన్ను ఒక్క మాట అడగలా, ఇంకో చోట ఒక్క మాట చెప్పుకోలా. తిరిగొచ్చాక నెల తిరక్కుండా వేవిళ్ళు. గుడివాడ సంబంధం ఆగిపోయింది. మీ మావయ్య నూటొక్క కొబ్బరికాయలు కొట్టాడు."

"అతనివి పిల్లికళ్ళా?" అని అడిగింది కనకం.

సౌభాగ్యమ్మ తల ఊపింది.

చేపల బుట్ట కిందపెట్టి కనకం లేచి నిలబడింది. "మరి నన్నెందుకన్నావు? ఊరందరి కంటే ముందు నువ్వే ఎందుకన్నావు?"

"శీనుకి నా కళ్ళే వచ్చి బతికిపోయా. దాని కళ్ళు చూడగానే గుండె ఆగిపోయిందే. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా చేతుల్లోకి వచ్చి నన్నే చూస్తన్నాయి. ఇవెక్కడివని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళడిగే లోపల నేనే అడిగేశా. అందరూ నీ వైపు చూస్తే ఇంక నా వైపు చూడరు గదా."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో పశ్చాత్తాపం కూడా లేదు, అలసట మాత్రమే ఉంది. బహుశా అందుకే కనకానికి తిట్టడానికి నోరు రాలేదు. "ఇంటికి వెళ్ళత్తయ్యా, ఎండెక్కుతుంది" అని మాత్రం అంది.

సోమవారం పొద్దున బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కనకం అదే ఆలోచించింది. తను ఏమీ చేయక్కర్లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. రత్తయ్య చెయ్యి చాపుతాడు, పిల్ల చెయ్యి చాపుతుంది. నెల తర్వాత కాగితం వస్తుంది. శవం శీనుదే అయితే పిల్ల రక్తం తండ్రితో కలుస్తుంది, రత్తయ్య రక్తం కలవదు. తను వినాల్సి వచ్చిన ప్రతి మాటా ఎవరికి చెందాలో వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. షెడ్డులో నవ్విన వాళ్ళందరూ సౌభాగ్యమ్మ గుమ్మం ముందు నిలబడి నవ్వుతారు. తను ఒక్క అబద్ధం ఆడనక్కర్లేదు, ఒక్క చాడీ చెప్పనక్కర్లేదు. న్యాయం తన దారిన తను నడిచొస్తుంది. ఇంత తేలికైన పని తన జీవితంలో ఎవరూ తనకి చెప్పలేదు.

రత్తయ్య ముందు సీట్లో కండక్టరుకి మగోడి నించి మగోడికి వచ్చే దాని గురించి చెబుతున్నాడు. "మరి ఆడపిల్లలే ఉన్నోళ్ళ గతేంటండీ?" అని కండక్టరు అడిగాడు. "అదే గదా!" అని రత్తయ్య సీటు మీద చరిచాడు. చల్లపల్లి దాటాక దివ్యకి కడుపులో తిప్పింది. కనకం కవరు తీసే లోపలే సౌభాగ్యమ్మ తన కొంగు పట్టింది. పిల్ల వాంతి మొత్తం ఆ కొంగులోనే. ఆవిడ విసుక్కోలేదు, బస్సు ఆపమనలేదు. కొంగుని మూటలా చుట్టి ఒళ్ళో పెట్టుకుని, పిల్ల తలని భుజం మీదకి లాక్కుంది. పిల్ల పచ్చటి గోధుమరంగు కళ్ళు మూతలు పడేదాకా వాటిని చూస్తూనే ఉంది. ఎండు చేపల వాసనా, వాంతి వాసనా కలిసి వస్తున్నాయి ఆవిడ దగ్గర. ఇంట్లోంచి వెళ్ళగొడితే ఈ వయసులో ఈమె ఎక్కడికి పోతుందన్న ఆలోచన కనకానికి పిలవకుండా వచ్చింది. వద్దనుకుంది. పోలేదు.

ఆసుపత్రిలో రక్తం తీసే గది చిన్నది. ల్యాబ్ టెక్నీషియన్ బిందుకి పాతికేళ్ళు దాటి ఉండవు. పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, "ఏ వేలు ఇస్తావో నువ్వే చెప్పు. నీకు ఇష్టం లేని వేలు ఇవ్వు" అంది. దివ్య చాలా సీరియస్‌గా పది వేళ్ళూ చూసుకుని ఎడమ చేతి ఉంగరం వేలు చాపింది. ఏడవలేదు. మందపాటి కార్డు మీద నాలుగు చుక్కలు గుండ్రంగా పరుచుకున్నాయి.

"తర్వాత మీరమ్మా," అంది బిందు.

"నాదెందుకండీ? నాకూ ఆయనకీ రక్తసంబంధం లేదు గదా," అంది కనకం.

బిందు కొత్త సూది తీస్తూ చెప్పింది. "పిల్లలో సగం మీది, సగం తండ్రిది. డీఎన్ఏలో ఇరవై పైచిలుకు చోట్ల చూస్తారు. ఒక్కో చోట రెండు గుర్తులుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. ఏది ఎవరిదో పిల్లని చూస్తే తెలీదు. మీ రక్తం చూసి మీ వాటా తీసేస్తే మిగిలింది తండ్రిది. ఆ మిగిలినవి శవం నుంచి తీసిన పన్నులో ఉన్నాయా లేదా అని చూస్తారు."

తీసేయడానికా తన రక్తం, అనుకుంది కనకం. నవ్వొచ్చింది. తను వండింది తీసేసి, ఉతికింది తీసేసి, ఒలిచిన రొయ్యలు తీసేసి, మిగిలిందాన్ని ఆ ఇంట్లో సంసారం అనేవాళ్ళు. అక్కడ తీసేశామని కూడా ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ కనీసం తీసేసేముందు ఎంతుందో కొలుస్తారు. ఆమె లేకుండా లెక్క తెగదని ఒక చదువుకున్న పిల్ల మొహం మీద చెబుతోంది.

"చనిపోయిన... అంటే, దొరకని ఆయన అమ్మగారు వచ్చారా? నాన్నగారు?" అని మాట సర్దుకుంది బిందు.

"నేనే తండ్రిని," రత్తయ్య ముందుకొచ్చి చొక్కా చెయ్యి మడిచాడు. "అసలు ముందు నాదే తీయాల్సింది."

సౌభాగ్యమ్మ గోడకి ఆనుకుంది. ఆవిడ కళ్ళు కనకం వైపు తిరగలేదు. నిన్న అడగాల్సింది అడిగేసింది. ఇవాళ ఇక ఏదొస్తే అది తీసుకోవడానికి నిలబడ్డట్టుంది. బిందు కొత్త కార్డు తీసి, పైన రత్తయ్య పేరు రాయడానికి పెన్ను మూత తీసింది.

"మావయ్యా, మీరు ఇవ్వొద్దు," అంది కనకం.

రత్తయ్య వెనక్కి తిరిగాడు. "ఏంటే?"

"మీరూ ఇచ్చి, రేపు శవం మనదే అని కాగితం వస్తే, మీ రక్తం వల్ల తేలిందంటారు. పిల్ల మీద మాట అలానే ఉండిపోద్ది. ఏడేళ్ళు పడ్డాను. మీది లేకుండా దాన్ని నిలబెట్టండి. తండ్రితో దాని రక్తం కలిసిందా, ఇక జన్మలో ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. అత్తయ్యది కలిసి దానిది కలవలేదా, నన్ను మీ గుమ్మం తొక్కనీయకండి."

గది బయట బెంచీ మీదున్న వాళ్ళు కూడా మాటలాపి వింటున్నారు. జనార్దనరావు కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు తిరిగి నిలబడ్డాడు. కనకానికి చెవులు మండిపోతున్నాయి. తను ఏ తప్పూ చేయలేదని తనకి తెలుసు. తెలిసి కూడా, నలుగురిలో నా శీలాన్ని కొలవండి అని చెయ్యి చాపడం ఎలా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. ఈ మాట తన నోటితో అనకుండా చచ్చిపోవాలని ఏడేళ్ళు అనుకుంది. ఇప్పుడు అనేసింది, అదీ ఎవరి కోసం!

రత్తయ్య కళ్ళలో వెలుగు కనిపించింది. "కలవకపోతే పోతావా? పాలెంలో అందరి ముందూ ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

"సరే అయితే. అదే తేలనీ," అని మడిచిన చెయ్యి విప్పుకున్నాడు.

బిందు తలెత్తి కనకాన్ని చూసింది. తర్వాత గోడకి ఆనుకున్న సౌభాగ్యమ్మని చూసింది. అలాంటి గదిలో పనిచేసేవాళ్ళకి ప్రశ్నలు అడగకపోవడం కూడా పనిలో భాగమే కాబోలు. "తల్లి ఉన్నారు, బిడ్డ ఉంది, బిడ్డ తల్లి ఉంది. ఇవి చాలు పెద్దాయనా, మీరు బయట కూర్చోండి," అంది. ఫారంలో తండ్రి అన్న చోట ఒక అడ్డగీత గీసింది.

సౌభాగ్యమ్మ వేలు పొడిస్తే రక్తం రాలేదు. "చెయ్యి మంచులా ఉందండీ. కాస్త రుద్దండమ్మా," అంది బిందు. కనకం అత్తగారి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఇద్దరి చేతులూ ఉప్పుకి పగిలినవే. ఎనిమిదేళ్ళలో ఆ చేతిని పట్టుకోవడం అదే మొదలు. చాలాసేపటికి వేలి చివర ఎర్రగా ఒక చుక్క పొంగింది.

కాగితం రావడానికి ఐదు వారాలు పట్టింది. జనార్దనరావు ఫోనులో చెప్పకుండా స్వయంగా వచ్చాడు. కలిసిందన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బిడ్డ మీద నింద పోయినందుకు సంతోషించాలో, భర్త పోయాడని తేలినందుకు ఏడవాలో కనకానికి తెలియలేదు. రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి. పుష్పావతి పరిగెత్తుకుంటూ వచ్చింది. తన మనిషికి శవం కూడా లేదన్న సంగతి ఆ పిల్లకి ఆ క్షణంలోనే తెలిసింది. అయినా కనకం పక్కన కూలబడి, "నువ్వు ఏడువు అక్కా, నేను పట్టుకుంటా" అంది. అప్పుడు ఏడ్చింది కనకం.

కర్మకాండలయ్యాయి. రత్తయ్య మారిపోయాడు. వచ్చినవాళ్ళందరి ముందూ దివ్యని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మా వంశం. ల్యాబోళ్ళే రాసిచ్చారు," అనేవాడు. ఆ కళ్ళు ఇప్పుడు పిల్లికళ్ళు కావు. "మా తాత కళ్ళు ఇట్టానే ఉండేవంట," అని కొత్తగా ఒక తాతని తయారు చేశాడు. పాలెం కూడా తల ఊపింది. చూశామన్న ముసలివాళ్ళు కూడా ఇద్దరు బయల్దేరారు.

నెల దాటాక ఒక ఉదయం కనకం ఆయన కుర్చీ ముందు నిలబడి చెప్పింది. బందరులో రొయ్యల కంపెనీలో పని కుదిరింది. పుష్పావతి కూడా వస్తోంది. ఇద్దరూ కలిసి గది తీసుకున్నారు. దివ్యని అక్కడే బడిలో వేస్తుంది. ఇవాళ పది గంటల బస్సుకి వెళ్తున్నారు.

"వెళ్ళు," అన్నాడు రత్తయ్య. "నిన్నెవరు ఆపారు? పిల్ల మాత్రం ఇక్కడే ఉంటది."

"అది నా పిల్ల మావయ్యా."

"నా రక్తం. కాగితం చూపించమంటావా? నువ్వెంతైనా బయట నించి వచ్చినదానివి. నీ దారి నీది. మా రక్తం మా ఇంట్లో ఉంటది. రేపు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినా ఇదే చెబుతారు."

కనకం నోటి నిండా ఒక వాక్యం వచ్చింది. చిన్న వాక్యం. ఆరేడు మాటలు. అంటే చాలు, ఆ కుర్చీలోని మనిషి మళ్ళీ లేవలేడు. పిల్ల తన చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. కనకం వసారా మూలకి చూసింది. అక్కడ సౌభాగ్యమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆవిడ వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఆ ఆగిన వేళ్ళని చూస్తూ కనకం వాక్యాన్ని మింగింది. ఏం చేయాలో తోచలేదు. కోర్టుకి వెళ్ళాలా, పెద్దమనుషుల కాళ్ళు పట్టుకోవాలా, ఈ పూటకి బస్సు పోనివ్వాలా అని ఆలోచన పరుగులు పెడుతుండగా చేట పక్కకి జరిగిన చప్పుడైంది.

"ముగ్గురం వేళ్ళు పొడిపించుకున్నాం," అంది సౌభాగ్యమ్మ. గొంతు పెద్దది కాదు. "అదీ, దాని తల్లీ, నేనూ. మీరొక్కరే ఇవ్వలా. పిల్ల మీద రక్తం హక్కు కావాలంటే పదండి బందరు. మీ వేలు కూడా పొడిపించుకుందురు గాని. నేను పక్కనే ఉంటా."

రత్తయ్య నవ్వబోయాడు. "ఏం మాటే అది?"

"మామూలు మాటే. వెళ్దామా?"

ఆయన భార్య మొహం వైపు చూశాడు. నలభై ఏళ్ళుగా ఆ మొహాన్ని అంతసేపు చూడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. సౌభాగ్యమ్మ కళ్ళు దించలేదు. చెంపల మీద చెమట పట్టింది, తుడుచుకోలేదు. రత్తయ్య ఏదో అడగడానికి నోరు తెరిచాడు. అడిగితే జవాబు వస్తుందని అర్థమైనట్టుంది, మూసుకున్నాడు. కుర్చీ చేతుల మీద ఆయన వేళ్ళు ఒకసారి విడి, మళ్ళీ బిగుసుకున్నాయి. ముందు చూపు తిప్పుకున్నది ఆయనే.

"బస్సెన్నింటికన్నావు?" అన్నాడు చివరికి, సముద్రం వైపు చూస్తూ.

కనకం జవాబు చెప్పలేదు. ఆ కుర్చీలోంచి వచ్చిన ప్రశ్నకి ఆమె జవాబు చెప్పకపోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. పిల్ల సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.